మా ఊరాయన

నిజామాబాద్ మార్కెట్ యార్డు ఎదుటి హోటల్లో గోపీచంద్ తన తల్లి శివపార్వతికి, తాను ప్రేమించిన అఖిలను పరిచయం చేస్తున్నాడు. అంతలో పసుపు అమ్మడానికొచ్చిన అఖిల తండ్రి దేవిదాస్, ఒళ్లంతా పసుపు దుమ్ముతో లోపలికొచ్చి, కూతుర్ని చూసి నవ్వాడు.

"ఎవరమ్మాయ్ ఆయన?" అంది శివపార్వతి.

"మా ఊరాయనండి," అంది అఖిల.

దేవిదాస్ నవ్వు ఆగిపోయింది. "అవునమ్మా. మేడమ్‌ది మా మాక్లూరే," అని, చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

"బతికించావు," అన్నాడు గోపీచంద్ అఖిల చెవిలో. ఆయనెవరో అతనికి తెలుసు.

అఖిల సిగ్గుతో తలెత్తలేకపోయింది. అబద్ధం తనదే. కానీ ఇతనితో ఉంటే జీవితాంతం అదే చెప్పాలి. "మన పెళ్లి వద్దు గోపీ," అని లేచి యార్డులోకి పరుగెత్తింది.

బస్తాల మధ్య నుంచి దేవిదాస్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"గిటు రాకు బిడ్డా. వాళ్లు సూస్తరు."