వేలు మడిచి చూపించే చుక్క

మా చిన్నప్పుడు... సందెవేళ తొలి చుక్క పొడిచిందంటే మా మామ్మ చూపంతా మా వేళ్ళ మీదే. రాజోలు దగ్గర మా ఇంటి వాకిట్లో, కొబ్బరి మట్టల సందులోంచి ఎవరైనా "అదిగో చుక్క!" అని వేలెత్తామో, అయిపోయామన్నమాటే!

"ఒరే, వేలు మడిచెయ్! బీరపిందెకి వేలు చూపిస్తే ఏవవుద్ది?"

"రాలిపోద్ది మామ్మా."

"ఆయ్... చుక్కా అంతే."

పిందెని మడిచిన వేలితో చూపించడం అందరిళ్ళలోనూ ఉన్నదే. చుక్కలకి కూడా ఆ రూలు మా ఇంట్లోనే. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం...

ఓ వేసవి సాయంత్రం ఎందుకని అడిగాను. మామ్మ లేచి లోపలికెళ్ళింది. విరిగిన చేతిగాజు ముక్క ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టింది.

"ఇలాగ వంపు తిరిగి ఉంటాయిరా కొన్ని చుక్కలు. నేను పలక పట్టే వయసులో మా అమ్మ పోయింది. ఆ నెల్లోనే, తెల్లారగట్ల కళ్ళాపి చల్లుతుంటే ఈ వంపు చివర కొత్త చుక్క కనబడింది. అదిగో మా అమ్మ అని వేలెట్టి చూపించేను. నాలుగు రోజులకి మసకబారి మాయమైపోయింది. నువ్వు వేలెట్టేవు, రాలిపోయింది అన్నారు మా మేనత్తగారు. మళ్ళీ రాలేదురా..."

ఆ తర్వాత మేమెవరమూ నవ్వలేదు.

మామ్మ పోయినప్పుడు కూడా ఆ చూపుడువేలు మడిచే ఉంది. నాన్నగారు సాపు చెయ్యబోతే మా అత్త "వద్దు తమ్ముడూ, అలాగే ఉండనీ" అంది.

ఇప్పుడు నాకు ఆకాశం వార్తల పిచ్చి. ఎక్కడ కొత్త గ్రహం బయటపడింది, ఏ తోకచుక్క వస్తోంది... చదవందే కాఫీ దిగదు. "అక్కడ మనకేవన్నా స్థలం ఉందేంటండీ?" అంటుంది మా ఆవిడ.

మొన్నామధ్య అలాగే చదువుతూ ఆగిపోయాను. వంపు తిరిగిన చుక్కల గుంపు బొమ్మ... మామ్మ గాజుముక్కే! దాని పక్కన ఒక నక్షత్రం దాదాపు ఎనభై ఏళ్ళకోసారి భగ్గున వెలుగుతుందట. కొద్దిరోజులు కంటికి కనిపించి, దానంతటదే మసకబారిపోతుందట. మళ్ళీ వెలిగే సమయం వచ్చేసింది, ఇవాళో రేపో అంటున్నారు. వెనక్కి లెక్కేస్తే మామ్మ పలక పట్టిన రోజులు!

దానంతటదే... ఎవరూ వేలు పెట్టకపోయినా! ఎంత ఏడుపొచ్చిందో. ఈ ఒక్క ముక్క చెబుదామంటే మామ్మ లేదు.

మా అమ్మాయి ఫోను పైకెత్తితే చుక్కల పేర్లన్నీ అదే చెప్పేస్తుంది. నేను మాత్రం చీకటి పడగానే డాబా ఎక్కి ఆ వంపు వెతుక్కుంటాను. కొత్త చుక్క ఇంకా రాలేదు. నిన్న మా ఆవిడ "ఏదండీ ఆ వంపు, చూపించండి" అంది. అంతా చదివినవాణ్ణే కదా... చెయ్యెత్తాను. వేలు దానంతటదే మడుచుకుపోయింది.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి, చెప్పండి. ఆ చుక్క మీకు ముందు కనబడితే నాకో కబురు పెట్టండి... వేలు మాత్రం చూపించకండి.