బయట కూర్చోండి

ఆ స్కూల్లో నర్సుకి పిల్లలు పెట్టిన పేరు 'బయట కూర్చోండి'. జ్వరమని వెళ్లినా, కాలు బెణికిందని వెళ్లినా, వెంట వచ్చినవాళ్లను ముందు 'బయట కూర్చోండి' అని గదిలోంచి పంపేస్తుంది. తలుపు మూశాక, చిన్నా పెద్దా కాని ఆ వయసు పిల్లలందరికీ అవే ప్రశ్నలు. నీకు ఇష్టమైనవాళ్లెవరైనా ఉన్నారా? వాళ్లంటే ఎప్పుడైనా భయమేసిందా? వాళ్లకి నువ్వంటే భయమా?

లేనిపోనివి నేర్పుతోందని కొందరు తల్లిదండ్రులు హెడ్మాస్టరు మీద విరుచుకుపడ్డారు. ఆయన ఆవిడని పిలిచి అడిగాడు. ఆవిడ మాత్రం ఒక్క ప్రశ్న కూడా తగ్గించలేదు.

"మొహం చూసి అడిగితే అడగాల్సినవాళ్లే తప్పించుకుపోతారు సార్. నేను అందరినీ అడుగుతాను" అంది. మొండిఘటం. అలాంటివాళ్లు స్కూలుకి ఒకరైనా ఉండాలి.

ఒకరోజు సొంత చెల్లెలి కొడుకే చెయ్యి వాచి వచ్చాడు. గోడని గుద్దాడట.

"నన్ను కూడా అడుగుతావా పెద్దమ్మా?"

"ఏం, నీకేమైనా కొమ్ములున్నాయా?"

వాడు నవ్వాడు. అంతలో జేబులో ఫోను మోగింది. గబుక్కున తీసి నొక్కేశాడు. గులాబీ రంగు ఫోను, వాడిది కాదు.

"ఎవరిదిరా?"

"మా క్లాసమ్మాయిది. ఎవరితో మాట్లాడుతోందో చూద్దామని అడిగా. ఇవ్వనందని కోపమొచ్చి గోడని గుద్ది లాక్కున్నా. తనని కొట్టలేదుగా!"

ఆవిడ వాడి వాచిన చేతి వంక చూసింది. చంటప్పుడు తను ఎత్తుకు తిప్పినవాడు.

"ఇవాళ గోడ. రేపు?"

"నాన్న కూడా అమ్మ ఫోను చూస్తాడుగా. అమ్మ ఏమీ అనదు."

ఆవిడ వాడి చేతికి కట్టు కట్టింది. ఫోను ఆ అమ్మాయికి తనే ఇచ్చి, పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడింది. తర్వాత, పిల్లాడిని కౌన్సెలర్‌కి చూపించాల్సిందేనని చెల్లెలికి చెప్పింది.

సాయంత్రం చెల్లెలూ మరిదీ ఊడిపడ్డారు.

"మనింటి పిల్లాడి మీదే నింద వేస్తారా వదినగారూ? మీ చెల్లెలు ఒకటే ఏడుపు. ఇక మీ గడప తొక్కదట" అన్నాడు మరిది.

చెల్లెలు నోరు విప్పబోయింది. ఆ మాట కూడా అతనే అందుకున్నాడు. ఆమె తల దించుకుంది.

ఆవిడకి తోబుట్టువంటూ ఉన్నది ఆ ఒక్కతే. ఆ చెల్లెలు దూరమవుతుందేమోనని భయం వేసింది కూడా. అయినా లేచి వెళ్లి తలుపు తీసి పట్టుకుంది.

"మరిదిగారూ, మీరు బయట కూర్చోండి."