తొమ్మిది మంది బ్యాండు

పెద్ద బ్యాండ్లంటే నాకు గౌరవమే కానీ ప్రేమ లేదు. నలభై బాకాలు ఒక్కసారి మోగుతుంటే, అందులో నలుగురు ఊదినట్టు నటించినా ఎవరికీ తెలియదు. చిన్న బ్యాండులో ఆ పప్పులుడకవు. ఒక్కరికి జలుబు చేసినా పాట కుంటుతుంది.

ఏలూరులో మా ఆడపిల్లల బడి బ్యాండులో పదకొండు మందిమి. నాలుగు బ్యూగిళ్లు, ఐదు సైడ్ డ్రమ్ములు, ఒక బేస్ డ్రమ్ము, ఒక జత తాళాలు. బ్యూగిల్‌కి మీటలుండవు, చిల్లులుండవు. వంపు తిరిగిన ఇత్తడి గొట్టం, అంతే. పెదాల బిగింపుతో, ఊపిరితో ఐదు స్వరాలు రాబట్టాలి. ఆ ఐదింటితోనే అన్ని పాటలూ లాక్కురావాలి. తొంభైల్లో, రిపబ్లిక్ డే ముందు రోజు ఆ సొట్టల బ్యూగిళ్లని చింతపండు పెట్టి తోమి, మర్నాడు ఊరంతా నడిచేవాళ్లం. పెద్దాసుపత్రి గోడ రాగానే మా డ్రిల్లు టీచరు చేతికర్ర పైకెత్తేది.

"రోగులున్నారే! గప్‌చుప్!"

బ్యూగిళ్లు కిందికి దిగేవి, డ్రమ్ములు ఆగేవి. గోడ దాటేదాకా అడుగుల చప్పుడే. ఐదేళ్లు అలా నడిచేసరికి అది నా ఒంటికి పట్టేసింది.

ఇప్పుడు నేను ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో మత్తు డాక్టర్ని. ఇల్లు అక్కడికి అరగంట దూరంలో ఒక చిన్న ఊళ్లో. రెండేళ్ల కిందట చలికాలంలో, కూరగాయల సంచీతో వస్తుంటే చర్చి వెనక హాల్లోంచి బ్యూగిల్ వినపడింది. కాళ్లు వాటంతటవే అటు తిరిగాయి.

లోపల ఎనిమిది మంది ఉన్నారు. బేస్ డ్రమ్ము తగిలించుకున్న పెద్దాయన వాళ్ల నాయకుడు, రిటైరైన పోస్ట్‌మ్యాన్. గోడ మీది పాత ఫోటోల్లో అదే బ్యాండు ఒకచోట ముప్ఫై మంది, ఇంకోచోట ఇరవై, చివరి దాంట్లో పన్నెండు. మనుషులు తగ్గారు కానీ వరస మాత్రం ఎక్కడా వంకర పోలేదు. చూస్తే ముచ్చటేసింది. నేనొకప్పుడు ఊదేదాన్నని చెబితే, పెట్టెలోంచి ఒక బ్యూగిల్ తీసి ఇచ్చాడు. ఐదు స్వరాలూ ఊదాను. నాలుగే సరిగ్గా వచ్చాయి.

"గ్రాండ్. మంగళవారం ఏడింటికి రా," అన్నాడు. అంతే, ఇంకో ప్రశ్న లేదు.

మా ఆయన మాత్రం ఊరుకోలేదు. "పేషెంట్లని నిద్రపుచ్చడం ఉద్యోగం, ఊళ్లోవాళ్లని నిద్రలేపడం సరదానా నీకు?" అన్నాడు.

నాకిచ్చిన బ్యూగిల్ ఆ బ్యాండుకి నలభై ఏళ్లు పాఠం చెప్పిన టీచరమ్మదట. ఆవిడకి తొంభై దాటాయి, ఊరి చివర వృద్ధాశ్రమంలో ఉంటోంది. ఆ మార్చిలో, ఐర్లండ్ వాళ్ల పెద్ద పండగ సెయింట్ పాట్రిక్స్ డే పరేడ్‌కి వారం ముందు పెద్దాయన ఆ సంగతి చెప్పాడు. "ఈసారి తనని కిటికీ దగ్గర కూర్చోబెట్టమంది. తన బ్యూగిల్ వినాలట. వచ్చే ఏడాదికి ఉంటుందో లేదో, డాక్టర్." ఆ వారమంతా ఆసుపత్రి కార్ పార్క్‌లో కారు అద్దాలెత్తుకుని సాధన చేశాను. ఆవిడ దగ్గర మాట పడకూడదని నా పంతం.

పరేడ్ రోజు వాన. ముందు వరసలో కుడి చివర నేను. నా మొదటి స్వరం అందుకునే మిగతా రెండు బ్యూగిళ్లూ మొదలుపెట్టాలి. మలుపు తిరగ్గానే ఆశ్రమం కనపడింది. చక్రాల కుర్చీలు, మోకాళ్ల మీద దుప్పట్లు, నర్సులు. నా చెయ్యి దానంతటదే కిందికి దిగింది. ఏలూరు ఆసుపత్రి గోడ ముందున్నట్టే ఉంది నాకు, ఆవిడ వింటానందన్న సంగతే మరిచిపోయాను. నన్ను చూసి పక్కవాళ్లిద్దరూ దించారు. ఏదో జరిగిందనుకుని డ్రమ్ములు ఆగాయి. ఆవిడ కిటికీ ముందు నుంచి తొమ్మిది మందిమీ నిశ్శబ్దంగా నడిచి వెళ్లిపోయాం. ఎంత మర్యాదగా నడిచామో అని లోపల కాస్త గర్వపడ్డాను కూడా!

పెద్దాయన మొహం పాలిపోయింది. "ఏమైంది, డాక్టర్?"

"రోగులున్నారు కదా, అందుకని..."

"వాళ్ల కోసమే కదా వాయించేది! ఏటా ఇక్కడే అన్నిటికన్నా గట్టిగా వాయిస్తాం. ఊళ్లో అందరికీ తెలిసిందే. నీకు చెప్పాలని నాకే తట్టలేదు."

పరేడ్‌లో మా వెనకే ట్రాక్టర్లు వస్తున్నాయి, ఆగే వీల్లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

పరేడ్ ముగిశాక ఎవరూ ఇంటిదారి పట్టలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. పెద్దాయన డ్రమ్ము మీది నీళ్లు తుడిచి, "వెనక్కి వెళ్దాం," అన్నాడు. ఎనిమిది మందీ నిలువునా తడిసి ఉన్నారు, ఒకామె బూటు అడుగు ఊడి తపతపలాడుతోంది. అయినా ఆశ్రమం పెరట్లో, చూసేవాళ్లు ఒక్కరు లేకపోయినా, ఫోటోల్లో ఉన్నంత తిన్నగా వరస కట్టారు. నా జీవితంలో నేను అంతగా మెచ్చుకున్న మనుషులు తక్కువ.

కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. మేం వెళ్లిపోగానే ఆవిడ మంచం ఎక్కించమని అడిగి, గోడవైపు తిరిగి పడుకుందని నర్సు చెప్పింది. పెద్దాయన దరువు వేశాడు. పెదాలు మొద్దుబారిపోయినా ఊదాను.

రెండో పాట సగంలో ఉండగా నర్సు ఆవిడని కుర్చీలో గుమ్మం దాకా తీసుకొచ్చింది. ఆవిడ మా అందరినీ ఒక్కొక్కరినే చూసింది.

"మీరు ఆగిపోతే, ఇక బ్యాండు అయిపోయిందనుకున్నాను. ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక అలా వెళ్లిపోతున్నారనుకున్నాను," అంది.

నాకు ఏడుపు ఆగలేదు. క్షమించమని ఏదో అనబోయాను. ఆవిడ వినిపించుకోలేదు. నా చేతిలో బ్యూగిల్ వంక, తర్వాత నా మొహం వంక చూసింది.

"బుగ్గలు పొంగిస్తున్నావు," అంది. "మళ్లీ ఊదు."