నల్లరాతి గట్టుకు చింతపండు వైద్యం

ఆ రోజుల్లో ఇల్లాలి హోదా మెడలో గొలుసును బట్టి కాదు, వంట కూర్చుని చేస్తుందా నిలబడి చేస్తుందా అన్నదాన్ని బట్టి తేలేది. ఎనభైల మొదట్లో మా నరసరావుపేట వీధిలో గ్యాసు పొయ్యిలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. పొయ్యి వచ్చిన ఇంట్లో దానికో గట్టు, గట్టు మీద మొహం చూసుకోదగ్గ నునుపుతో నల్లరాయి. మా వంటింటికి ఆ గట్టు రావడానికి అమ్మకు పదకొండేళ్ళు పట్టింది (నాన్నను ఒప్పించడానికి ఒక పూట, మిగతాదంతా నాయనమ్మను ఒప్పించడానికి). నాయనమ్మ ఉండేది ముప్పాళ్ళలో, బాబాయి దగ్గర. అయినా మా ఇంట్లో మేకు కొట్టాలన్నా ఆవిడ మాట కావాలి. "పొయ్యి ముందు కూర్చోలేని ఆడదానికి వంటెందుకు? నేను నలభై ఏళ్ళు కూర్చుని వండలా?" అనేది. అమ్మ మోకాళ్ళు అప్పటికే పాడయ్యాయి. ఉప్పుకు ఒకసారి, పోపుల డబ్బాకు ఒకసారి గోడ పట్టుకుని లేచేది, మళ్ళీ గోడ పట్టుకుని కూర్చునేది. చివరికి నాయనమ్మ ఒక మెట్టు దిగింది. "సరే, పెట్టుకోండి. శివరాత్రికి కొండ మీద తిరణాలకి పోను వస్తా కదా, అప్పుడు చూస్తా. ఆ రాయి మీద ఒక్క మచ్చ కనపడిందా, పీకించి పొయ్యి కిందికి దింపిస్తా" అంది. అన్నంత పనీ చేసే మనిషి.

రాయి పరిచిన మేస్త్రీ పోతూ పోతూ అమ్మకు చెప్పాడు: "రోజూ తడిగుడ్డ, వారానికోసారి రవ్వంత కొబ్బరినూనె, అంతేనమ్మా. పులుపు మాత్రం తగలనీయబాకండి. ఇది సున్నపురాయి జాతి, పులుపు తిన్నదంటే పుండు పడుద్ది." అమ్మ ఆ మాటను వేదంలా పాటించింది. పురిటి బిడ్డకు పోసినట్టు దానికి పొద్దునా సాయంత్రం స్నానం. నిమ్మకాయ కోయాలంటే వసారాలోకి పోవాల్సిందే. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఇంటర్ అయిపోయి, వారపత్రికల్లో సీరియళ్ళు చదవడం తప్ప వేరే ఉద్యోగం లేదు. మేస్త్రీ మాట నేనూ విన్నాను. విన్నానంతే.

శివరాత్రికి మూడు రోజుల ముందు అమ్మ చిలకలూరిపేటలో పెద్దమ్మను చూసి రావడానికి పోతూ, "దేవుడి సామాను తోమి పెట్టవే, గట్టు తుడువు" అని చెప్పి బస్సెక్కింది. ఇత్తడి కుందులు, చెంబు, హారతి పళ్ళెం. వాటిని పెరట్లోకి మోసుకెళ్ళి ఎండలో గొంతుక్కూర్చుని తోమాలి. నిలబడి వంట చేయగా లేనిది నిలబడి తోమకూడదా అనిపించింది. అన్నీ గట్టు మీదే పరిచి నానబెట్టిన చింతపండుతో తోమాను. బంగారంలా తేలాయి. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? మకిలి పట్టిన ఇత్తడే ఇంత మెరిస్తే, అసలే మెరిసే రాయి ఇంకెంత మెరవాలి అనుకుని, మిగిలిన చింతపండు గుజ్జంతా గట్టుకు దిట్టంగా పట్టించాను. కాస్త నానితే మంచిదని పోయి సీరియల్ పట్టుకున్నాను. అందులో కథానాయిక కష్టాల్లో ఉంది. ఆమె కోసం కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాను, నా కష్టం వంటింట్లో నానుతోందని తెలియక.

వచ్చి కడిగితే రాయి నల్లగా నిగనిగలాడింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. అది ఆరడం మొదలయ్యాక మురిపెం కూడా ఆరింది. నడిమధ్యలో బూడిదరంగు మచ్చ, చాటంత, చుట్టూ నాలుకలతో. చేత్తో తడిమితే గరుగ్గా తగిలింది. నీళ్ళు చల్లితే మాయం, ఆరితే ప్రత్యక్షం. నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ గట్టు పక్కన చెంబుతో నిలబడడం కుదరదు కదా. పొయ్యి కిందికి దిగినట్టూ, అమ్మ మళ్ళీ గోడ పట్టుకుని లేస్తున్నట్టూ కళ్ళ ముందు ఆడింది. అప్పుడు తట్టింది ఉపాయం. కిరోసిన్ దీపం వెలిగించి, పైన పళ్ళెం బోర్లించి మసి పట్టి, కొబ్బరినూనెలో రంగరించి, కాటుక పెట్టినట్టు మచ్చంతా పూశాను. సాయంత్రం అమ్మ వచ్చి చూసి, "ఎంత బాగా తుడిచావే తల్లీ" అని నా బుగ్గ నిమిరింది. ఇక గట్టు తుడిచే పని నాదేనని పట్టుబట్టాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు నాయనమ్మ దిగింది. చేతులు వెనక్కి కట్టుకుని వంటింట్లోకి నడిచింది, పోలీసు తనిఖీకి వచ్చినట్టు. గట్టును ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. ముట్టుకోలేదు. "నేను ముట్టను, నాకెందుకది" అంది. ఆ పట్టుదలకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. అమ్మ తలుపు పక్కన నిలబడి, "మచ్చేం లేదు కదత్తయ్యా?" అంది పరీక్ష రాసిన పిల్లలా. "ఇంకా పోలేదుగా నేను. కొండకి పొయ్యొచ్చినాక చెప్తా" అంది నాయనమ్మ.

ఆ మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. పూత ఎక్కడన్నా చెదిరిందేమోనని నేను మసి గిన్నె, గుడ్డ పట్టుకుని పిల్లిలా వంటింట్లోకి పోయాను. గట్టు మీద నాయనమ్మ ఉంది. కొండకి కట్టుకెళ్ళాలని దాచుకున్న గంధంరంగు చీర ముచ్చట పడి అప్పుడే కట్టుకుని, పీటేసుకుని ఎక్కి, గోడకు ఆనుకుని, కాళ్ళు ఊపుకుంటూ జంతికలు తింటోంది. నన్ను చూసి కాళ్ళు ఆగాయి.

"కింద చీమలు చానా ఉన్నయ్యే" అంది. (చీమ అన్నది ఆ వంటింట్లో లేదు.) నేను గిన్నె వెనక్కి దాచుకున్నాను. ఆవిడ గబుక్కున దిగింది. దిగి తిరిగేసరికి చీర వెనకాల పూర్ణచంద్రుడంత నల్లటి అచ్చు. గట్టు మీద ఆవిడ కూర్చున్న చోట పూత పోయి, నా మచ్చ పళ్ళికిలించింది. ఆవిడ మచ్చ వంక చూసింది. నేను చీర వంక చూశాను.

"ఇదేందే?" అంది.

"అదేంది నాయనమ్మా?" అన్నాను.

ఆవిడ చీర వెనకవైపు ముందుకు లాక్కుని చూసుకుంది. వేలితో మచ్చ గరుకును తడిమి, దేవుడి గూట్లో మెరుస్తున్న కుందుల వంక చూసింది. "చింతపండు రాశావా? సున్నపురాయికి చింతపండు రాసినదానికి నీకు ఇంటర్ ఎవరిచ్చారే?" అంది. నాకు ఏడుపొచ్చేసింది. తప్పు నాది, అమ్మది కాదు, గట్టు తీయించొద్దు అని ఏదేదో అన్నాను. ఆవిడ గట్టు అంచును అరచేత్తో మెల్లగా రాసింది.

"చల్లగా ఉందే పిల్లా" అంది. "కూర్చుని వండీ వండీ నా నడుం అప్పట్నించే నొప్పి. అడిగినోళ్ళు లేరు. మీ అమ్మన్నా నిలబడనీ." అంతలోనే గొంతు మార్చి, "నేను ఎక్కినట్టు బయట చెప్పావంటే నీ మచ్చ సంగతి ఊరంతా చెప్తా" అని బెదిరించింది. ఇద్దరం పెరట్లో ఆ చీరను కుంకుడుకాయ రసంతో ఉతికాం. నూనె కలిసిన మసి, అంత తేలిగ్గా వదలదు. "చీరకు అదేంటమ్మా?" అని నాన్న అడిగితే, "మీ ఊరి బస్సు సీట్లు అట్ట ఏడ్చినయ్" అంది.

కొండ నుంచి వచ్చాక విస్తరి ముందు తీర్పు చెప్పింది. "ఉండనీలే ఆ గట్టు. రాయన్నాక మచ్చ పడుద్ది, మనిషికి పడలా?" అమ్మ పప్పు వడ్డిస్తూ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నాయనమ్మను బస్సెక్కించి వచ్చాక గట్టు తుడుస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది. "బస్సు గ్రీజుకు కొబ్బరినూనె వాసన ఎట్టొచ్చిందే?" నేను సీరియల్ చదువుతున్నట్టు నటించాను. పుస్తకం తలకిందులుగా ఉందని తరవాత చూసుకున్నాను.

ఇప్పుడు నా వంటింట్లో క్వార్ట్జ్ అనే కొత్తరకం రాతి గట్టు. పులుపుకు భయం లేదు, మరకైతే సబ్బునీళ్ళ గుడ్డ చాలు, కాగే గిన్నె మాత్రం నేరుగా దించొద్దు అని బిగించిన అబ్బాయి అప్పగింతలు చెప్పినట్టు చెప్పాడు. అయినా నిమ్మకాయ కోయాలంటే నా కాళ్ళు వాటంతటవే వరండాలోకి నడుస్తాయి. ఇంట్లో అందరూ బయటికి పోయిన మధ్యాహ్నాల్లో తలుపు గడియపెట్టి, స్టూలేసుకుని గట్టెక్కుతాను. మోకాళ్ళు వద్దంటాయి, వినను. చల్లగానే ఉంటుంది. కాళ్ళు ఊపుకుంటూ రెండు జంతికలు తింటాను. దిగాక మాత్రం, ఎందుకైనా మంచిదని, ఒకసారి వెనక్కి తిరిగి చీర చూసుకుంటాను.