శ్రీ దగ్గరే ఆగిపోయిన ఫంక్షన్

కొత్తవాడలో దర్రీలు, అంటే నేత తివాచీలు, అమ్మే దుకాణం నడిపే ప్రేమలతకు నలభై దాటాక ప్రోగ్రామింగ్ మీద మనసు పోయింది. ఫోన్‌లో పాఠాలు విని, అర్థం కానివి మేనకోడలు శ్రావణిని అడిగి, చివరికి సొంతంగా ఒక ఫంక్షన్ రాసింది. దాని పని చిన్నదే. ఆర్డర్ జాబితాలో ఏ దర్రీకైనా రంగు రాయకుండా వదిలేశారేమో గడి గడీ చూసి చెప్పాలి. ఖాళీ ఉంటే ఎర్ర అక్షరాలు. లేకపోతే పచ్చ అక్షరాలతో 'అంతా నిండుగా ఉంది'. ఆ పచ్చ అక్షరాలను ఆమె పక్క దుకాణం వాళ్లకు చూపించింది, పాలు పోయడానికి వచ్చినామెకు చూపించింది, తీరిక లేదన్న వాళ్లకు మరీ పట్టుబట్టి చూపించింది.

ఆ ధీమాతోనే జాబితాల పని భర్త రమాకాంత్ చేతిలోంచి తీసుకుంది. ఆయన ఇచ్చాడు గానీ, ఒక్క తప్పు దొర్లినా మళ్లీ తన చేతికే రావాలని ముందే చెప్పాడు.

మరిపెడలో టెంట్ హౌస్ నడిపే కొమురెల్లి ఆర్డరు వచ్చింది. పచ్చ అక్షరాలు కనబడ్డాయి. ప్రేమలత జాబితాను నూలుకు రంగులు వేసే సాంబయ్యకు పంపేసి, నిశ్చింతగా అన్నం తిని చెయ్యి కడుక్కుంటుండగా ఫోన్ మోగింది.

"అమ్మా, పొయ్యి ముట్టిచ్చిన. మూడో దర్రీకి రంగేది? రాయనే లేదు."

కంప్యూటరే చూసిందనీ, సరిగ్గా చూడమనీ ఆమె కాస్త బిగువుగానే చెప్పింది.

"నా కండ్లు మంచిగనే ఉన్నయమ్మా. జర మీరే సూడుండ్రి."

చూసింది. మూడో దర్రీ గడి ఖాళీ. దాని పైన పచ్చ అక్షరాలు సిగ్గు లేకుండా మెరుస్తున్నాయి. దర్రీల కట్టల అవతలి నుంచి రమాకాంత్ అంతా వింటూనే ఉన్నాడు. "నీ కంప్యూటర్‌ను కంటి దవాఖానకు తోల్కపో," అన్నాడు మెల్లగా. రేపటి నుంచి జాబితాలు తానే చూస్తానని కూడా అన్నాడు.

ప్రేమలత పాత జాబితాలు గుర్తు చేసుకుంది. ఇదొక్కటేనా, ఇంతకు ముందు పంపినవి కూడా ఇలాగే పోయాయా? తాను చెప్పేదాకా నూలు ముంచవద్దని సాంబయ్యను బతిమాలి, శ్రావణికి వీడియో కాల్ చేసింది.

శ్రావణి కోడ్ పంపమనలేదు. మొదటి గడిలో ఏముందో, అక్కడ ఫంక్షన్ ఏం చేస్తుందో నోటితో చెప్పమంది. ప్రేమలత గొంతు తగ్గిపోయింది. మొదటి గడిలో ఉన్నది రంగు కాదు. 'శ్రీ'. వ్యాపారం చేసే ఇంట్లో పెరిగిన చెయ్యి. పైన శ్రీ పెట్టకుండా చీటీ అయినా రాయదు. కంప్యూటర్ జాబితా మాత్రం దేనికి తక్కువ?

శ్రావణి నవ్వు ఆపుకోవడానికి ఫోన్ పక్కకు తిప్పింది. మళ్లీ కనబడి, "అత్తా, నీ ఫంక్షను శ్రీ దగ్గరికి పోతాంది. ఆడ ఖాళీ లేదని జూసి, అంతా నిండుగున్నదని జెప్పి ఇంటికి వోతాంది. ఎనకున్న రంగుల మొఖమే సూస్తలేదు," అంది.

"అయితే శ్రీ తీసెయ్యాల్నా?" ఆ మాట అడగడానికే ఆమెకు మనసొప్పలేదు.

"శ్రీ ఏం జేసింది పాపం. నిండుగున్నదని జెప్పే లైను, గడి గడీ తిరిగే లూపు లోపల వెట్టినవ్. బయటికి తియ్యి. అన్ని గడులు జూసినంకనే ఆ మాట అనాలె."

ఒక్క లైను. దాన్ని కిందికి జరిపి మళ్లీ నడిపింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి: మూడో దర్రీకి రంగు లేదు. తిట్టు విని అంత సంతోషపడిన మనిషిని కొత్తవాడ చూసి ఉండదు. పాత జాబితాలన్నీ వేసి చూసింది. అన్నీ నిజంగానే నిండుగా ఉన్నాయి. ప్రేమలత కుర్చీలో వెనక్కి వాలి హమ్మయ్య అనుకుంది. కొమురెల్లికి ఫోన్ చేస్తే, ఇంట్లో అడిగి చెబుదామనుకుని మరిచిపోయాడట. మెరూన్ అన్నాడు. సాంబయ్య నూలు ముంచాడు.

సాయంత్రం రమాకాంత్ వచ్చేసరికి ప్రేమలత జాబితాలో ఒక్కో గడి రంగు చెరుపుతూ, ఎర్ర అక్షరాలు చూసి మురిసిపోతోంది.

"మళ్ల చెడిపోయిందా?"

"బాగైంది. కూసో, సూపిస్త."

ఆయన కూర్చుని ఆఖరి దర్రీ రంగు తానే చెరిపాడు. ఎర్ర అక్షరాలు. నడుమ ఒకటి చెరిపాడు. మళ్లీ ఎర్ర అక్షరాలే.

"రేపటియి నువ్వే జూడు," అని, చెరిపిన రంగులు తిరిగి రాయకుండానే లేచి వెళ్లిపోయాడు.