ఏసీ కింద ఆర్టీమియా

2024 వేసవి. మదీనాగూడలో నాది చిన్న అక్వేరియం షాపు. అంతకుముందు చాలా ఏళ్లు కోస్తాలో రొయ్యల హేచరీలో పనిచేశాను. అందుకే ఆర్టీమియా సంగతి నాకు కొట్టినపిండి అనుకునేవాణ్ణి. ఆర్టీమియా అంటే ఉప్పునీటిలో బతికే సన్న రొయ్యజాతి జీవి. దాని గుడ్లు పొడిలా డబ్బాల్లో వస్తాయి. ఉప్పునీళ్లలో వేసి గాలి పెడితే మర్నాటికల్లా కంటికి ఆనీ ఆననంత పిల్లలవుతాయి. అప్పుడే ఈత నేర్చిన చేపపిల్లలకు అవే తిండి.

షాపుకు తరచూ వచ్చే స్వప్న నిజాంపేటలో ఉంటుంది. రాయదుర్గంలోని ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టర్, పని మాత్రం ఇంటి నుంచే. ఆమె ఏంజెల్ చేపలు రెండుసార్లు గుడ్లు పెట్టాయి. ఒక్క పిల్లా దక్కలేదు. మూడోసారి గుడ్లు పెట్టగానే షాపుకొచ్చింది.

"అన్నా, ఆర్టీమియా సగం గూడ హ్యాచ్ అయితలేవు. అయినయి గూడ సస్తున్నయ్. ఈసారి గూడ పిల్లలు పోతే ఇగ టాంక్ తీసేస్త. సూడబుద్ధి అయితలేదు నాకు."

"నీళ్ల టెంపరేచర్ ఎంతుందమ్మా?"

"ఇరవై ఎనిమిది."

సరిగ్గా కావలసినంతే. ఉప్పూ సరిపోయింది. ఆమె వాడే డబ్బాలోంచే కొన్ని గుడ్లు తెప్పించి షాపులో వేశాను. నారింజరంగు మబ్బులా హ్యాచ్ అయ్యాయి. నాకు బుర్ర తిరిగిపోయింది. చివరికి ఆమె ఇంటికే వెళ్లాను.

బయట ఎండ మాడ్చేస్తోంది. ఆమె గదిలో నాకు వణుకు పుట్టింది. ఆర్టీమియా గుడ్లు వేసిన సీసా సరిగ్గా ఏసీ గాలికి ఎదురుగా ఉంది.

"ఇరవై ఎనిమిది అన్నావు కదమ్మా?"

"టాంక్‌ల గంతే ఉంది, సూడు!"

హీటర్ ఉన్నది చేపల టాంకులో. సీసాలో చెయ్యి పెడితే కుండలో నీళ్లలా చల్లగా తగిలింది. నడి వేసవిలో చలి సమస్య అని ఎవరికి తడుతుంది చెప్పండి! పక్కనే విటమిన్ చుక్కలమందు.

"పుట్టంగనే బలం ఉండాలె గదా అన్నా. గుడ్లతోపాటే ఏస్తున్న."

అప్పుడే పుట్టిన ఆర్టీమియాకు కొన్ని గంటలదాకా నోరు తెరుచుకోదు. ఒంట్లోని సొన మీదే బతుకుతుంది. ఆ తర్వాత వేస్తేనే విటమిన్ దాని కడుపులోకి, దాన్ని తిన్న చేపపిల్లలోకి చేరుతుంది. ముందే వేస్తే నీళ్లు మురుగుతాయి.

సీసాను వంటింట్లోకి మార్చి అందులోనే థర్మామీటర్ పెట్టించాను. చుక్కలు ఆపించాను. ఈసారి చేపపిల్లలు బతికాయి. నారింజరంగు పొట్టలతో తిరుగుతున్న వీడియో పంపింది. నా కడుపు కూడా నిండింది.

ఆ వెంటనే కొత్త పీకులాట. ఆర్టీమియాను చంపింది చలా, చుక్కలా? షాపులో చుక్కలు వేసి చూశాను. ఒకసారి నీళ్లు మురిగాయి, ఇంకోసారి ఏమీ కాలేదు. చలి సంగతి తేల్చుకుందామంటే షాపులో ఏసీ లేదు. ఆగలేక ఆమెకే ఫోన్ చేశాను.

"చుక్కలు లేకుండా సీసా ఒక్కసారి ఏసీ కింద పెట్టి చూద్దామా అమ్మా?"

"ఆఫీసుల ఒకటేసారి రెండు మారిస్తె ఏది పనిజేసిందో తెల్వదని నేనే తిడ్త అన్నా. గని అది హ్యాచ్ గాకుంటే ఆ పూట పిల్లలకేం పెట్టాలె? నీ డౌట్ కోసం వాటిని పస్తులుంచ నేను."

ఇప్పుడెవరొచ్చినా "టెంపరేచర్ ఎంత" అనను, "ఏ నీళ్లలో చూశారు" అంటాను. చంపిందేదో నాకిప్పటికీ అయోమయమే. ఆమె ఒప్పుకోనందుకు ఆ రోజు చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆమె ఒప్పుకోకపోవడమే నయమైంది; నా అనుమానం తీరకపోయినా పిల్లలు ఒక్క పూటా పస్తుండలేదు.