నిరోష గీసిన రెండో బాణం

2023 వేసవి. తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ, ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి మాత్రం రావడం లేదు. నా ఎదురుగా నిరోష కూర్చుని ఉంది. నగరిలో వాళ్ళ నాయనకు పవర్‌లూమ్ మగ్గాలున్నాయి. మూడేళ్ళ డిగ్రీలో మొదటి సెమిస్టరు మెకానిక్స్ తప్ప పేపర్లన్నీ పాసయింది. ఇలా తప్పి మిగిలిపోయినదాన్ని బ్యాక్‌లాగ్ అంటాం. ఎమ్మెస్సీలో సీటు అప్పటికే వచ్చేసింది. ఈ సప్లిమెంటరీలో గట్టెక్కకపోతే ఆ సీటు వేరేవాళ్ళకు పోతుంది.

ఆ పిల్లకు అడ్డుపడింది ఒక్కటే విషయం. మలుపు తిరిగే బస్సును రోడ్డు మీద నిలబడి చూస్తున్నాం అనుకోండి. దాన్ని మలుపు లోపలివైపుకు లాగే బలం ఒకటి ఉంటుంది. దాని పేరు సెంట్రిపెటల్ ఫోర్స్. టైర్లకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణే ఆ పని చేస్తుంది. నిరోష మాత్రం బొమ్మ వేసిన ప్రతిసారీ బయటివైపుకు ఇంకో బాణం గీసేది. నేను కొట్టేసేదాన్ని. మళ్ళీ గీసేది.

"అది సెంట్రిఫ్యూగల్ మేడమ్," అంది.

"అది లేదు తల్లీ! రోడ్డు మీద నిలబడి చూసేవాళ్ళకు అది లేదు. ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

"లేకుంటే నన్ను కిటికీ పక్కకు తోసేదెవురు మేడమ్? కొండకు పోయినప్పుడల్లా ఘాట్ రోడ్డులో నాకు వాంతులయితాయి. అదీ లేదంటారా?"

తల పట్టుకున్నాను. తిరుపతిలో చదివే పిల్లలకు ఇదొక శిక్ష. ఊరి నుంచి ఏ చుట్టం దిగినా వెంటబెట్టుకుని కొండకు తీసుకెళ్ళాలి.

"రేపు రాను మేడమ్. మా అత్తావాళ్ళు దర్శనానికి వస్తా ఉండారు," అంది అంతలోనే.

"పరీక్ష నెత్తిమీద పెట్టుకోని దర్శనమేంది నీకు?"

"ఈడే ఉండి గూడా తోడు పోకపోతే ఏమనుకుంటారు మేడమ్?"

వెళ్ళింది. కొండ దిగిన మర్నాడు పీక్కుపోయిన ముఖంతో వచ్చి కూర్చుని, మళ్ళీ రెండు బాణాలు గీసింది. ఈసారి స్కేలుతో, సరిసమానంగా! నా ఓపిక అయిపోయింది.

"రెండూ సమానం, ఎదురెదురు. మిగిలే బలమెంత?"

"సున్నా మేడమ్."

"బలం సున్నా అయితే బస్సు ఎట్ల పోతాది?"

"నేరుగా..."

"ఘాట్ రోడ్డు మలుపులో నేరుగా ఏముండాది?"

"లోయ," అంది మెల్లగా.

"మీ అత్తను, మామను, బస్సు నిండా జనాన్ని లోయలోకి తోసేసినావు గదే!"

బయటి బాణాన్ని తనే కొట్టేసింది.

"అంటే నేను నేరుగా పోవాలని సూస్తా ఉండా. బస్సు తిరగతా ఉండాది. కిటికీ వచ్చి నన్ను లోపలికి తోస్తా ఉండాది. బయటికి తోసేవాళ్ళు ఎవురూ లేరు!"

హమ్మయ్య అనుకున్నాను. అయిపోలేదు.

"మరి బస్సులో కూచున్నోళ్ళ లెక్కలో మేడమ్?"

"బస్సుతోపాటు తిరిగే మనిషి తన లెక్క కోసం ఆ బాణం గీసుకోవచ్చు. యాడి నుంచి చూస్తా ఉండామనేదే ఫ్రేమ్ ఆఫ్ రిఫరెన్స్."

"ఈ మాట ముందే చెప్పుంటే..."

మొదటి క్లాసు నుంచీ చెబుతూనే ఉన్నాను. ఎవరితో చెప్పుకోను?

పరీక్ష రాసి పరుగున వచ్చింది. "అదే ప్రశ్న వచ్చినాది మేడమ్! రోడ్డుమీదోళ్ళకు ఒక రకంగా, బస్సులోవాళ్ళకు ఒక రకంగా, బొమ్మలేసి రాసినాను. కిటికీ గురించి గూడా!"

"మిగతావి?"

"టైం చాల్లేదు మేడమ్."

"అయ్యో, నీకు బుద్ధుండాదా?" అని కాలేజీ అంతా వినిపించేలా అరిచాను.

తప్పింది. సీటు పోయింది. నాకు ఆ రోజు అన్నం సహించలేదు. ఓదార్చాలని ఫోన్ చేస్తే, కాసేపు ముక్కు చీదింది.

"మిగిలిన పేపర్లన్నీ అర్థం గాకుండానే పాసయినాను మేడమ్. ఇదొక్కటే అర్థమై తప్పినాను," అంది.

తర్వాతి సప్లిమెంటరీలో పాసయింది, ఒక ఏడాది పోగొట్టుకుని ఎమ్మెస్సీలో చేరింది.

అప్పటి నుంచి నేను తప్పిన పిల్లలనే కాదు, పాసయినవాళ్ళను కూడా పిలిచి బస్సు బొమ్మ వేయమంటున్నాను. మంచి మార్కులొచ్చినవాళ్ళే రెండు బాణాలు గీస్తారు. కూర్చోండి, చెబుతాను అంటే, "పాసయినాం గదా మేడమ్, ఇంకెందుకు?" అని బ్యాగు తగిలించుకుంటారు.